గేటు పాసు లేని విమానం

ప్రభుత్వ శాఖలకు ఏడాదికోసారి ఉత్సాహం పుడుతుంది. ఒక ఏడు మొక్కలు నాటే ఉత్సాహం, ఒక ఏడు చేతులు కడుక్కునే ఉత్సాహం, మరో ఏడు కాగితం వాడకూడదనే ఉత్సాహం. ఈ చివరిదాని గురించి వచ్చిన ఉత్తర్వులే మూడు బీరువాలు నిండాయి. ఆ ఏడు పారిశ్రామిక శిక్షణ శాఖకు నవకల్పన ఉత్సాహం పట్టుకుంది. ‘ప్రతి ట్రేడు వారును నవకల్పన పక్షోత్సవాలు ముగియులోగా ఒక వినూత్న ఆవిష్కరణను విధిగా గావించవలెను. గావించని ట్రేడు మూసివేతకు అర్హత పొందినట్లు పరిగణింపబడును’ అని సర్క్యులర్ వచ్చింది. మనిషి బుర్రకు పదిహేను రోజులు గడువిచ్చి ఆలోచన పుట్టించమనడం ఆ శాఖకే చెల్లింది.

తుమ్మలంక ప్రభుత్వ ఐటీఐలో ఆరు ట్రేడులున్నాయి. ఎలక్ట్రీషియన్ ట్రేడు వాళ్లు మామూలు స్విచ్చికి ‘స్మార్ట్ స్విచ్చి’ అని చీటీ అంటించి ఊపిరి పీల్చుకున్నారు. నొక్కితే దీపం వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరుతుంది. ఫిట్టర్ ట్రేడు వాళ్లు పాత లేతు మిషనుకి నీలం రంగు పూశారు. ఎటొచ్చీ చిక్కంతా వడ్రంగం ట్రేడుకే వచ్చిపడింది.

ఆ ట్రేడుకి మాస్టారు లక్కోజు వీరాచారి. ముప్పయ్యొక్కేళ్ల సర్వీసు. చెక్క మీద వేలితో ఒకసారి రాసి, ఎక్కడ ఎంత వంపు ఉందో చెప్పగలడు. ఆయన దగ్గర చదువుతున్నవాళ్లు పదకొండు మంది. పదకొండు మందికి ఒక షెడ్డు ఎందుకని, దాన్ని ఖాళీ చేయించి ‘స్మార్ట్ హబ్’ పెడదామని పై ఆఫీసు రెండేళ్లుగా చూస్తోంది. ఆ హబ్బులో ఏం చేస్తారో ఎవరికీ తెలియదు గానీ, దానికి బోర్డు మాత్రం ముందే వచ్చి వరండాలో గోడకి ఆనించి ఉంది.

పదకొండు మందిలో ఒకరే ఆడపిల్ల, గంగారత్నం. వాళ్ల నాన్న ఏటిపాయ మీద పడవలు కట్టేవాడు. ఆయన మంచాన పడ్డాక అన్నలిద్దరూ ఆ పని మాకొద్దన్నారు. నేను చేస్తానంటే నవ్వారు. సర్టిఫికెట్టు తెచ్చుకుని వచ్చి మాట్లాడతానని ఇంట్లో తలుపు ధడాలున వేసి వచ్చిన పిల్ల ఆమె. ట్రేడు మూసేస్తే పదకొండు మందినీ కుట్టుమిషన్ ట్రేడులో సర్దుతారని వదంతి. వీరాచారికి మిగతా పదిమంది గురించి ఎంత బాధో ఈ పిల్ల గురించి అంతకు రెట్టింపు.

“ఏం చేద్దామే రత్నం? చెక్క చూస్తే ఒక్క బద్ద లేదు. టేకుకి ఇండెంటు పెట్టి నాలుగేళ్లయ్యింది. ఆ రోజునే మొక్క నాటుకున్నా ఈపాటికి పుల్లలైనా వచ్చేవి,” అన్నాడు వీరాచారి.

గంగారత్నం ఫోను తీసి చూపించింది. ఎక్కడో ఎవరో తెల్లటి అట్టలతో విమానం చేసి, చేతిలో రిమోటు పట్టుకుని ఎగరేస్తున్నాడు.

“చెక్కక్కర్లేదు మాస్టారూ. ఫోమ్ బోర్డండి. పెళ్లి మండపాల మీద పేర్లు కోసి అంటిస్తారు చూడండి, అదే. మా బాబాయి డెకరేషన్ కొట్లో ముక్కలు గుట్టలుగా పడున్నాయండి.”

“చెక్క లేని వడ్రంగం ఏంటే?” అన్నాడాయన. అన్నాడే గానీ చూపు ఫోను మీంచి తిప్పలేదు. ఆ విమానానికి రెక్కలు ఒకదాని మీద ఒకటి, రెండు వరసలున్నాయి. మధ్యలో నిట్రాళ్లలా పుల్లలు. చూడగానే ఆయనకి అది విమానంలా కాకుండా, తిరగేసిన మంచం మీద మంచంలా అనిపించింది. మంచాలంటే ఆయనకి భయం లేదు.

మర్నాటి నుంచి షెడ్డులో చప్పుడు మొదలైంది. అట్ట మీద గీతలు గీయడం, బ్లేడుతో సగం లోతు కోయడం, ఒక పక్క కాగితం ఒలిచేసి రెక్కని మెల్లగా వంచడం. వంపు ఎక్కడా నలగకూడదు. మూడు రెక్కలు నలిగాయి. నాలుగోదానికి వీరాచారి పాత రూళ్లకర్ర అడుగున పెట్టి వంచితే చేప వీపులా నున్నగా వచ్చింది. రెండు రెక్కల మధ్య వెదురు పుల్లలు నిలబెట్టి వేడిజిగురు పెట్టారు. తోకకి, రెక్కల చివర రేకలకి అగ్గిపెట్టెంత బుల్లి మోటార్లు కట్టి సైకిలు ఊచలతో కలిపారు. ముక్కుకి ఒక మోటారు, దానికి పంకా. మోటార్లూ బ్యాటరీ రిమోటూ గంగారత్నం బాబాయి తన కొడుకు పాడుచేసిన బొమ్మ హెలికాప్టర్ల మూటలోంచి ఇచ్చాడు. ఆఖర్న పై రెక్క కింద రెండు వేళ్లు ఆనించి ఎత్తి పట్టుకున్నాడు వీరాచారి. ముక్కు పైకి లేచింది. బ్యాటరీని రెండంగుళాలు ముందుకి జరిపాడు. ఈసారి తక్కెడ ముల్లులా సమంగా నిలబడింది.

ఆ నిలబడడం చూసి ఆయన దాన్ని దించి, మళ్లీ ఎత్తి పట్టుకున్నాడు. ముప్పయ్యొక్కేళ్లలో ఎన్ని తలుపులు చేశాడో, ఎన్ని కుర్చీలు చేశాడో. వేటినీ ఇలా రెండు వేళ్ల మీద మోసి చూడలేదు. ఆయనకి చెప్పలేనంత సంతోషం కలిగింది.

ప్రిన్సిపాల్ గంటి భీమశంకరం గారు వచ్చి చూశారు. ఆయన దేన్ని చూసినా ముందు చుట్టూ తిరిగి, తరువాత సందేహిస్తారు.

“రెండు వరసల రెక్కలెందుకండీ మాస్టారూ? ఒక వరసతో సరిపెట్టలేరా? రేపు ఎవరైనా దుబారా అంటారు.”

“రెండుంటే నిదానంగా లేస్తాదండి, నిదానంగా తిరుగుతాదండి, నిదానంగా దిగుతాదండి. మన శాఖకి సరిపోద్దని చేశామండి.”

ప్రిన్సిపాల్ తృప్తిగా తల పంకించారు. వర్క్‌షాపులో తయారైన ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కాలన్నది నియమం. స్టోర్ కీపర్ రామభద్రరాజు కళ్లజోడు సవరించుకుని, స్టూళ్ల పద్దు కిందా గడప చెక్కల పద్దు పైనా ఖాళీ చూసుకుని, ‘విమానము, రెక్కలు రెండు వరుసలు: 1’ అని రాశాడు. ఆ క్షణం నుంచి అది ప్రభుత్వ ఆస్తి అయిపోయింది. ఇంకేముంది, కష్టాలన్నీ వరసకట్టాయి.

ఐటీఐ ఆవరణ చిన్నది. సగం స్థలంలో డీజిల్ మెకానిక్ ట్రేడు వాళ్ల తుప్పు బస్సులున్నాయి. విమానం లేవడానికి చోటు చాలుతుంది గానీ తిరగాలంటే ప్రహరీ దాటి, అవతల వరిచేల మీద ఒక చుట్టు చుట్టి రావాలి. మొదటిసారి ఎగరేద్దామని అందరూ మైదానంలోకి వచ్చేసరికి వాచ్‌మన్ ఏసుపాదం గేటు రిజిస్టరు చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు.

“మాస్టారండీ, ఇది గోడ దాటుద్దాండి?”

“దాటి, తిరిగొచ్చేస్తాదయ్యా.”

“తిరిగొచ్చుద్దో లేదో ఆనక మాటండి. దాటాలంటే గేటు పాసుండాలండి. ఆ మద్దెన ఓ సుత్తి గోడ దాటిందని నన్ను ఆర్నెల్లు ఇంట్లో కూకోబెట్టారండి. పిల్లల ఫీజులు కట్టలేక సచ్చానండి బాబూ.”

వీరాచారికి కోపం రాబోయి ఆగిపోయింది. ఏసుపాదం చెప్పింది నిజం. ఆ సుత్తిని విసిరింది ఒకరు, చూసింది ఇంకొకరు, ఇంట్లో కూర్చున్నది మాత్రం ఏసుపాదం. విమానాన్ని భుజాన పెట్టుకుని వీరాచారి తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు.

భీమశంకరం గారు పాసు పుస్తకం తీసి, కలం మూత తీసి, మళ్లీ మూత పెట్టారు.

“ఇందులో ‘ఏ గేటు గుండా’ అని ఒక గడి ఉందండీ. మెయిన్ గేటు అని రాయాలా, వెనక గేటు అని రాయాలా?”

“గేటులోంచి పోదండి. పైనుంచి పోద్దండి.”

“పైన గేటు లేదు కదండీ,” అన్నారు ప్రిన్సిపాల్ ఆందోళనగా. “గేటు లేని చోటునుంచి ప్రభుత్వ ఆస్తి బయటికి పోతే దాన్ని ఏమంటారో తెలుసా? దొంగతనం అంటారు. నేను పై ఆఫీసుకి రాస్తాను.”

రాశారు. పై ఆఫీసులో ఉపసంచాలకులు కరుణాకరం గారు దాన్ని చదివి ఉప్పొంగిపోయారు. ఇరవయ్యేళ్లుగా ఆయనకి ఇంత స్వచ్ఛమైన సమస్య తగల్లేదు. వారం తిరక్కుండా ‘ఊర్ధ్వ ప్రాంగణ నిర్ధారణ సంఘం’ ఏర్పాటైంది. అందులో ఒక సర్వేయరు, ఒక ఇంజినీరు, అధ్యక్షులుగా కరుణాకరం గారు. విమానం సంగతి తెలిసినవాళ్లని వేస్తే పక్షపాతం వస్తుందని వీరాచారిని వెయ్యలేదు. తలుపు దగ్గర నిలబడమన్నారు.

“మొదటి అంశం,” అన్నారు కరుణాకరం గారు గొంతు సవరించుకుని. “ప్రస్తుత ప్రాంగణము భూమి నుండి ఎంత ఎత్తు వరకు ప్రాంగణముగా కొనసాగుచున్నది?”

సర్వేయరు పటం నాలుగు వైపులా తిప్పాడు. “పొడుగుంది, వెడల్పుంది. ఎత్తు ఎవరూ రాయలేదండి.”

“రాయలేదు కనుక లేదనుకోరాదు. కొలవలేదు అనుకోవాలి. గోడ ఎత్తు ఆరడుగులు. ఆరడుగుల పైన ఉన్నది మనదా, పరులదా?”

“మనదే అనుకుంటే దానిమీద వాలే కాకులు మన అనుమతి తీసుకోవాలి కదండీ?” అన్నాడు ఇంజినీరు.

“కాకులు స్టాకు రిజిస్టరులో లేవు,” అన్నారు కరుణాకరం గారు. అందరూ ఆ సూక్ష్మబుద్ధికి తలలూపారు. “కనుక ఆకాశము ఎవరిదైనను, ఆస్తి మనది. ఆస్తి పోవలసినది గేటు గుండా. గేటు కింద ఉన్నచో ఆస్తి కిందికి రావలెను, లేదా ఆస్తి పైన ఉన్నచో గేటు పైకి పోవలెను. ఇందులో మూడో మార్గము లేదు.”

తలుపు దగ్గర నిలబడ్డ వీరాచారి దగ్గాడు. “అయ్యా, ప్రహరీ అవతల చేలో కోతలైపోయాయండి. నేలంతా చదునుగా ఉంది. అక్కడికి చేత్తో పట్టుకెళ్లి ఎగరేసుకుంటామండి. గోడ జోలికే రామండి.”

“ప్రభుత్వ ఆవిష్కరణను ప్రైవేటు చేలో ఆవిష్కరించుటయా?” అన్నారు కరుణాకరం గారు. ఆయన ముఖం చూసి వీరాచారి మళ్లీ దగ్గలేదు.

ఆ విధంగా గేటును పైకి పంపించాలని తీర్మానమైంది. ప్రహరీ పక్కన ముప్పై అడుగుల ఎత్తున వెదురు బొంగులతో ఒక ద్వారం కట్టాలి. గేటన్నాక తలుపులుండాలి కనుక రెండు గుడ్డ తలుపులు. తలుపులన్నాక తాళం ఉండాలి కనుక ఒక తాళం. తాళం తీసేవాడుండాలి కనుక పక్కనే మంచె, మంచె మీద కుర్చీ, కుర్చీలో రిజిస్టరుతో ఏసుపాదం. ఇదంతా చెక్కపని కాబట్టి వడ్రంగం ట్రేడు వాళ్లే కట్టాలి. విమానం చెయ్యడానికి తొమ్మిది రోజులు పట్టింది. గేటు కట్టడానికి నెలా పదిరోజులు పట్టింది. పక్షోత్సవాలు ఎప్పుడో అయిపోయాయి గానీ, పక్షం అంటే ఎన్నాళ్లో నిర్ణయించే అధికారం పై ఆఫీసుకే ఉంది కాబట్టి అవి ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

“నాకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయండి మాస్టారూ,” అన్నాడు ఏసుపాదం మంచె కింద నిలబడి.

“కళ్లు మూసుకుని ఎక్కెయ్. రాసేటప్పుడు తెరుద్దువు గాని,” అన్నాడు వీరాచారి. ఆయనకి అతణ్ని చూస్తే జాలేసింది. మంచె మెట్లకి రెండు వైపులా పిడి కర్రలు, కుర్చీ చుట్టూ నడుమెత్తు కటకటాలు తన చేత్తో బిగించి ఇచ్చాడు.

ఆవిష్కరణ రోజు వచ్చింది. షామియానా, మైకు, పూలదండలు. పొద్దున్నే రామభద్రరాజు ఒక ఫైలు పట్టుకుని వడ్రంగం షెడ్డుకి వచ్చాడు.

“ఏవండీ ఆచారిగారూ, పాసు ఒరిజినల్ ఆస్తితో పాటే వెళ్లాలండి. రూలు. పాసుకి అనుబంధంగా సంఘం తీర్మానాలు, పటం నకళ్లు, స్టాకు ధ్రువపత్రం, గుడ్డ తలుపుల కొలతల పత్రం ఉన్నాయండి. అన్నీ కలిపి కుట్టేశామండి. ఇది విమానానికి కట్టండి.”

గంగారత్నం ఫైలు అందుకుంటే చెయ్యి కిందికి దిగింది. కాంటీను త్రాసు తెచ్చి తూచారు. విమానం ఏడు వందల గ్రాములు. ఫైలు కిలో మూడు వందలు.

“రాజుగారూ, ఇది కడితే లేవదండి,” అంది.

“లేవడం లేవకపోవడం నా సీటు కాదమ్మా. కట్టకపోతే మాత్రం నా సీటు పోద్ది.”

కట్టారు. కడుపు కింద కట్టిన ఫైలుతో ఆ రెండు వరసల రెక్కల విమానం మైదానం మీద నిలబడింది. కరుణాకరం గారు రిబ్బను కత్తిరించారు. పైన ఏసుపాదం ఒక కన్ను తెరిచి తాళం తీశాడు. గంగారత్నం రిమోటు మీద బొటనవేలు జరిపింది. పంకా గిర్రున తిరిగింది. విమానం గుడ్లు పెట్టబోయే పెట్టలా ఇరవై గజాలు అటూ ఇటూ పరిగెత్తి, వేదిక మెట్టుకి ముక్కు ఆనించి ఆగిపోయింది.

షామియానా కింద జనం కుర్చీల్లోంచి లేచి చూశారు. వీరాచారి మెడ వంచుకుని నిలబడ్డాడు. రెండు వేళ్ల మీద సమంగా నిలబడ్డ బండి అది. దాన్ని నలుగురిలో ఇలా చేశారే అనుకున్నాడు. ఫైలు విప్పేస్తానని రెండడుగులు ముందుకేశాడు. ప్రిన్సిపాల్ మోచెయ్యి పట్టుకుని ఆపేశారు.

కరుణాకరం గారు మాత్రం తొణకలేదు. గడియారం చూసుకున్నారు. పన్నెండింటికి మరో ఊళ్లో మరో రిబ్బను ఉంది. మైకు దగ్గరికి నడిచారు.

“సోదర సోదరీమణులారా! ఒక విమానము ఎగురుటకు కావలసినది ఏమి? అనుమతులు. అవి సంపూర్ణముగా లభించిన క్షణముననే ఎగురుట పూర్తియైనది. ఇక మిగిలినది కేవలము అమలు. కావున ఈ విమానము పదకొండు గంటల ఇరవై నిమిషములకు జయప్రదముగా ఎగిరినట్లు భావించడమైనది!”

చప్పట్లు మోగాయి. అలవాటు కొద్దీ వడ్రంగం పిల్లలు కూడా కొట్టారు. పైనుంచి ఏసుపాదం కేక వేశాడు.

“మరి నన్ను రాయమంటారాండి?”

“నిస్సందేహముగా!”

ఏసుపాదం రెండో కన్ను కూడా తెరిచి, ‘విమానము 1, బయటికి, 11.20’ అని గుండ్రంగా రాసి కళ్లు మూసుకున్నాడు.

తరువాత ఇరవై రోజులు అంతా ప్రశాంతంగా ఉంది. విమానం షెడ్డులో బల్ల మీద ఉంది. ఇరవై ఒకటో రోజున ప్రిన్సిపాల్ కబురు పెట్టారు. ఆయన చేతిలో మెమో ఉంది. అది చదవకుండానే ఆయనకి చెమటలు పట్టాయి, చదివాక వీరాచారికి పట్టాయి. ‘గేటు రిజిస్టరు ప్రకారము బయటికి వెళ్లిన ప్రభుత్వ విమానము నేటి వరకు తిరిగి రాలేదు. ఆస్తిని పోగొట్టిన ట్రేడును ఎందుకు మూసివేయరాదో సంజాయిషీ ఇవ్వవలెను.’

వీరాచారి పరుగున వెళ్లి విమానాన్ని తెచ్చి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాడు. “ఇదిగోండి. ఎక్కడికీ పోలేదండి.”

“ఇదేమిటండీ?”

“విమానమండి.”

“విమానం వెళ్లిపోయింది కదండీ. రిజిస్టరు చూడండి. వెళ్లిపోయినట్టు నేనూ సంతకం పెట్టాను. ఉపసంచాలకులు గారూ పెట్టారు.”

“మరి ఇదేంటండి?”

“అదే నేనూ అడుగుతున్నాను,” అన్నారు భీమశంకరం గారు, గొంతు తగ్గించి. “అది వెళ్లకుండా ఇక్కడే ఉందని రాస్తే, ఉపసంచాలకులు గారు అబద్ధం చెప్పినట్టవుతుంది. వెళ్లింది అని రాస్తే, ఇది మన స్టాకులో లేని వస్తువవుతుంది. మాస్టారూ, దయచేసి దీన్ని నా కళ్లబడకుండా పెట్టండి.”

వీరాచారి సంజాయిషీ రాశాడు. దానికి జవాబు వచ్చింది. ‘మీరు చూపుచున్న వస్తువు ప్రభుత్వమునకు చెందినది కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. సోమవారము ఉదయము పది గంటలకు షెడ్డు స్వాధీనపరచుకొనబడును.’

సోమవారం పదింటికి కరుణాకరం గారు స్వయంగా జీపులో దిగారు. చేతిలో లక్క సీలు. వరండాలోని స్మార్ట్ హబ్ బోర్డు అప్పటికే తుడిచి సిద్ధంగా ఉంచారు. పదకొండు మంది పిల్లలు తమ ఉలులూ చిత్రికలూ సంచుల్లో సర్దుకుని గోడవార నిలబడ్డారు. గంగారత్నం ఏడవడం లేదు. ఏడవకపోవడమే వీరాచారికి మరీ కష్టంగా ఉంది.

“అయ్యా, ఒక్క మాటండి,” అన్నాడాయన. “ఇది ప్రభుత్వానిది కాదని తమరే రాసిచ్చారు కదండీ?”

“ఇచ్చితిమి.”

“అయితే పట్టుకుపోతానండి.”

“పరుల వస్తువును ప్రభుత్వ స్థలములో ఉంచుటయే తప్పు. తక్షణము తీసుకుపొండు.”

వీరాచారి విమానాన్ని ఎత్తుకుని గేటు దగ్గరికి నడిచాడు. వెనకే గంగారత్నం రిమోటుతో, ఆ వెనక పదిమంది. ఏసుపాదం రిజిస్టరు తిరగేసి చూశాడు.

“లోపలికొచ్చినట్టు లేనేలేదండిది. పాసక్కర్లేదు, పట్టుకెళ్లండి మాస్టారండీ.”

ప్రహరీ అవతల కోసిన వరిచేను ఎండకి గట్టిపడి ఉంది. గాలి కాలువ వైపు నుంచి మెల్లగా వీస్తోంది. వీరాచారి విమానాన్ని తల పైకెత్తి పట్టుకున్నాడు.

“ఓసారన్నా చూద్దామే తల్లీ. ఆనక ఎవరు ఏ సీలు ఏసుకుంటే మనకేంటి,” అన్నాడు.

పంకా మోత హెచ్చింది. ఆయన విసిరాడు. అది ఒక్క జానెడు కిందికి దిగి, నిలదొక్కుకుని, లేచింది. వరి కొయ్యకాళ్ల మీదుగా, గట్టు మీదుగా, తాటిచెట్టంత ఎత్తుకి లేచింది. రెండు వరసల రెక్కల మధ్యలోంచి ఎండ కనపడుతోంది. వెదురు పుల్లల దగ్గర గాలి సన్నగా ఈల వేస్తోంది. గంగారత్నం నాలుక పంటికింద నొక్కిపెట్టి చుక్కాని తిప్పింది. చెప్పినట్టే నిదానంగా తిరిగింది. పిల్లలు అరిచిన అరుపులకి చేలో కొంగలన్నీ లేచిపోయాయి. వీరాచారి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకుంటున్నానని దాచుకోలేదు కూడా.

గోడ మీదుగా ముందు ప్రిన్సిపాల్ తల, తరువాత కరుణాకరం గారి తల లేచాయి.

“సార్, మన విమానం!” అని అరిచారు భీమశంకరం గారు, ఉద్రేకంలో ఒళ్లు మరచిపోయి.

కరుణాకరం గారికి ఒక్క క్షణంలో అంతా తోచింది. పోయిన ఆస్తి ఆకాశంలో ఉంది. అది లోపలికి వస్తే తన సంతకానికి మచ్చ లేదు, విచారణకి ముగింపు దొరుకుతుంది. “ఏసుపాదం! పైకెక్కు! లోపలికి వచ్చినచో వెంటనే రాయుము!” అని కేక వేశారు. ఏసుపాదం పిడి కర్రలు పట్టుకుని ఎగబాకి తలుపులు తెరిచాడు. “అమ్మాయీ, లోపలికి తీసుకురా! మీ ట్రేడు జోలికి రాను! మీ మాస్టారి మీద ఒట్టు!”

గంగారత్నం మాస్టారి వైపు చూసింది. ఆయన తలూపాడు. విమానం గుడ్డ తలుపుల మధ్యలోంచి దూసుకుని ఆవరణలోకి వెళ్లింది.

“విమానము 1, లోపలికి!” అని చదువుతూ రాశాడు ఏసుపాదం.

కానీ లోపల తిరగడానికి చోటు లేదు. దిగుదామంటే ఎదురుగా తుప్పు బస్సులు. విమానం మళ్లీ ద్వారంలోంచే బయటికి వచ్చేసింది.

“ఇప్పుడు బయటికొచ్చేసిందండి! రాయమంటారాండి?”

“పాసేది? పాసు నంబరు లేకుండా బయటికి రాయుటకు వీలు లేదు!” అన్నారు కరుణాకరం గారు.

“మళ్లీ లోపలికొస్తోందండి!”

“లోపలికి వచ్చుటకు పాసు అక్కర్లేదు. రాయుము!”

రాశాడు. అది మళ్లీ వెళ్లింది, రాయలేదు. మళ్లీ వచ్చింది, రాశాడు. గంగారత్నం ప్రతిసారీ దించడానికి చూసింది, ప్రతిసారీ బస్సులు అడ్డం వచ్చాయి. బ్యాటరీ అయిపోయేదాకా ఇలాగే సాగింది. చివరికి మోత సన్నగిల్లి, ఆవరణలో షామియానా గుంజలు పాతిన చోట ఒక్క గంతు వేసి నేల మీద ఆగింది. ఒక్క పుల్ల విరగలేదు. మంచె మీద ఏసుపాదం రెండు కళ్లూ బాగా తెరిచి, తన రాతను తనే తృప్తిగా చూసుకుంటున్నాడు.

సీలు వెయ్యకుండానే జీపు వెళ్లిపోయింది. విమానాన్ని రామభద్రరాజు స్టోరులో పెట్టి తాళం వేశాడు. పది రోజుల తరువాత ఉత్తర్వు వచ్చింది. ప్రిన్సిపాల్ అందరినీ పిలిచి చదివారు.

‘గేటు రిజిస్టరును కూలంకషముగా పరిశీలించడమైనది. వడ్రంగం ట్రేడు నుండి బయటికి వెళ్లిన విమానములు ఒకటి, లోపలికి వచ్చిన విమానములు తొమ్మిది. ఒక్క విమానమును పంపి తొమ్మిదింటిని సంపాదించిన ట్రేడు రాష్ట్రములో మరొకటి లేదు. సదరు ట్రేడును మూసివేయు ప్రతిపాదన ఉపసంహరించుకొని, అభినందించడమైనది.’

పిల్లలు గోల గోల చేశారు. భీమశంకరం గారు చెయ్యెత్తి, కాగితం తిప్పి, రెండో పేజీ చదివారు. ‘కాగా, స్టోరునందు ఒక విమానము మాత్రమే ఉన్నట్లు తెలియుచున్నది. మిగిలిన ఎనిమిదింటిని ముప్పది దినములలోగా స్టోరుకు చేర్చవలెను. అందుకవసరమగు ఫోమ్ బోర్డు వగైరాలు మరమ్మతుల పద్దు కింద తక్షణము మంజూరు చేయడమైనది.’

గోల ఆగిపోయింది. ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. వీరాచారి షెడ్డుకి వెళ్లాడు. స్టీలు స్కేలు తుడిచి గంగారత్నం చేతికిచ్చాడు.

“ఎనిమిది విమానాలంటే పదహారు రెక్కలే. గీతలు నువ్వు గియ్యి. వంపు మీ అందరికీ నేను నేర్పుతాను. ఒక్కోటి ఒక్కళ్లు ముందుండి చెయ్యాలి.”

పదకొండు మందీ బల్ల చుట్టూ మూగారు. అట్టలు పరిచారు. బ్లేడు మొదటి గీత మీద నడుస్తుండగా గుమ్మంలో భీమశంకరం గారు కనిపించారు. ఆయన మొహం పాలిపోయి ఉంది. లోపలికి రాకుండా, గొంతు మాత్రం లోపలికి పంపారు.

“మాస్టారూ, నాదొక్కటే ప్రశ్న. నిజం చెప్పండి. ఈ ఎనిమిదీ ఎగురుతాయా?”

వీరాచారి తలెత్తి ఆయన కళ్లలోకి చూశాడు. “ఎగరవండి. ఉత్త స్టాకండి.”

ప్రిన్సిపాల్ హాయిగా ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయారు. ముప్పయ్యొక్కేళ్ల ఉద్యోగంలో వీరాచారి పై అధికారికి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. నాలుక ఏమాత్రం తడబడలేదు.